ఎన్‌సీసీ ఫైరింగ్: చేరిన రోజు నుంచి జట్టు ఎంపిక దాకా నా అనుభవం

2023 ఆగస్టులో ఎన్‌సీసీ సీనియర్ వింగ్‌లో చేరిన నేను మొదటి రౌండు (తూటా) కాల్చింది 2024 మార్చిలో. మధ్యలో గడిచిన ఏడు నెలల్లో మా బ్యాచ్‌లో చాలామంది అసలు ఫైరింగ్ ఉంటుందా అని అడగడం కూడా మానేశారు. ఆ తరువాత జూన్‌లో క్యాంపు, అక్కడ జట్టు ఎంపిక, జూలైలో ఇంటర్ గ్రూప్ పోటీ (కొన్ని బెటాలియన్లు కలిసిన ఎన్‌సీసీ గ్రూపుల మధ్య పోటీ) దాకా వెళ్లి వచ్చాను. హనుమకొండ, వరంగల్, పరకాల, నర్సంపేట వైపు కళాశాలల్లో ఈ ఏడాది చేరిన పిల్లలకు, ముఖ్యంగా ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలకు, నాకు ఎవరూ ముందుగా చెప్పని సంగతులు తెలియాలని, జరిగింది జరిగినట్టుగా, అదే వరుసలో రాస్తున్నాను.

చేరడం పెద్ద కష్టం కాలేదు. పరుగు, ఎత్తు కొలత, నాలుగు ప్రశ్నల ఇంటర్వ్యూతో ఒక్క పూటలో అయిపోయింది. వైద్యుడు సంతకం చేసిన ఫిట్‌నెస్ పత్రం, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం నకలు, తల్లిదండ్రుల అంగీకార పత్రం అడిగారు. ఈ చివరి కాగితం దగ్గరే మా ఇంట్లో వారం రోజులు ఆలస్యమైంది. మాది పరకాల దాటాక వచ్చే ఒక పల్లె. పత్తి, వరి వేసే కుటుంబం. మా వైపు యాభై ఏళ్లు దాటినవాళ్లకు తుపాకీ అంటే ఇప్పటికీ ఆనాటి రాత్రులే గుర్తొస్తాయి. ఒక రాత్రి అడవిలోంచి వచ్చినవాళ్లు అన్నం అడిగితే, మర్నాడు వాళ్లను వెతుక్కుంటూ వచ్చిన పోలీసులు ఆ అన్నం ఎందుకు పెట్టారని అడిగిన కాలం అది. అందుకే అంగీకార పత్రంలో ఆయుధ శిక్షణ అన్న మాట చదివి వినిపించగానే అవ్వ ఆ కాగితాన్ని నా చేతిలోనే పెట్టి, "తుపాకితోని మనకేం పని బిడ్డా, గప్పుడు సూసింది సాలదా?" అన్నది. బాపు రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున ఒక్కటే అడిగాడు: "కాల్చేటప్పుడు ఎటు దిక్కు పెట్టి కాలుస్తరు?" ఎదురుగా ఉండే మట్టికట్ట వైపు తప్ప గొట్టాన్ని ఇంకెటూ తిప్పనివ్వరని, పక్కనే ఉస్తాద్, అంటే శిక్షణ ఇచ్చే సైనికుడు, కూర్చుని ఉంటాడని సీనియర్ అక్క నాకు చెప్పిన మాటలే ఆయనకు చెప్పాను. అప్పుడు సంతకం చేశాడు. మీ ఇళ్లలో కూడా ఇదే ప్రశ్న రావచ్చు కనుక, సంతకానికి ముందే ఇంట్లోవాళ్లను ఒకసారి కళాశాలకు తీసుకొచ్చి ఏఎన్‌ఓ మేడంతో (కళాశాలలో ఎన్‌సీసీని చూసుకునే అధ్యాపకురాలితో) మాట్లాడించడం మంచిది. మా బ్యాచ్‌లో ఇద్దరి ఇళ్లలో అలా మాట్లాడించాకే ఒప్పుకున్నారు.

ఆయుధ శిక్షణ తరగతులు దసరా సెలవుల తరువాత మొదలయ్యాయి. బెటాలియన్ కోత్ (ఆయుధాల గది) నుంచి రైఫిళ్లు కాపలాతో కళాశాలకు వచ్చేవి, సాయంత్రం ఒక్కొక్కటి లెక్క చూసుకుని తిరిగి వెళ్లేవి. మాకు నేర్పింది పాయింట్ టూటూ రైఫిల్. గొట్టం లోపలి వ్యాసం 0.22 అంగుళం, అంటే ఐదున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. దానితో మేం కాల్చే దూరం 25 గజాలు. ఒక్కో రౌండుకూ బోల్ట్ (రౌండును గొట్టంలోకి తోసి మూసే కడ్డీ) వెనక్కి లాగి ముందుకు నెట్టాలి. ఆ బోల్ట్ పిడి రైఫిల్‌కు కుడివైపున ఉంటుంది, ఈ సంగతి తరువాత నాకు చాలా ముఖ్యమైంది. విడదీసి మళ్లీ కలపడాన్ని అందరూ ఖోల్‌నా జోడ్‌నా అంటారు. పరీక్షలో అడుగుతారు కాబట్టి పిల్లలంతా దానిమీదే పడతారు. ఆజ్ఞలన్నీ హిందీలోనే ఉంటాయి: లేట్‌కర్ పొజిషన్ (పడుకుని పొజిషన్ తీసుకో), భర్ (నింపు), రుక్ జా (ఆగు), ఖాలీ కర్ (ఖాళీ చెయ్యి), జాంచ్ శస్త్ర్ (ఆయుధం తనిఖీకి చూపు). ఊరి బడిలో చదువుకున్న నాకు హిందీ అంతంతమాత్రమే కనుక, ఆ మాటలను తెలుగు లిపిలో ఒక కాగితం మీద రాసుకుని హాస్టల్ గోడకు అంటించుకున్నాను. రేంజ్‌లో, అంటే కాల్చే మైదానంలో, ఆజ్ఞ అర్థం కాక ఒక్క క్షణం తడబడినా పక్కవాళ్ల ప్రాణానికే ముప్పు, కాబట్టి ఇది సిగ్గుపడాల్సిన పని కాదు.

గుండు లేని అభ్యాసం నెలల తరబడి సాగింది. నేలమీద బోర్లా పడుకుని, శరీరాన్ని రైఫిల్ గీతకు కొంచెం ఏటవాలుగా ఉంచి, కాళ్లు ఎడంగా చాపి మడమలు నేలకు ఆనించాలి. ఎడమ మోచెయ్యి రైఫిల్‌కు సూటిగా కిందికి రావాలి. బట్ (రైఫిల్ వెనక భాగం) భుజం గుంటలో గట్టిగా కూర్చోవాలి. చెంప ప్రతిసారీ బట్ మీద ఒకే చోట ఆనాలి. బ్యాక్‌సైట్ (కంటివైపు ఉండే గురి గుర్తు) చీలిక మధ్యలో ఫోర్‌సైట్ (గొట్టం ముందు కొసన ఉండే గురి గుర్తు) కొన కనిపించాలి, ఆ కొన మీద టార్గెట్ నల్లచుక్క కింది అంచు కూర్చున్నట్టు ఉండాలి. నాకు అన్నిటికంటే కొత్తగా తోచింది ఏమిటంటే, చూపు టార్గెట్ మీద కాక ఫోర్‌సైట్ కొన మీద నిలపాలి. టార్గెట్ మసకగా కనిపించాలి. చుక్కను స్పష్టంగా చూస్తేనే గురి కుదురుతుందని అందరం అనుకుంటాం. అలా చూస్తే కొన ఎటు జరిగిందో కంటికి తెలియదు. ఊపిరి తీసి సగం వదిలి, మిగతా సగం బిగబట్టి, ఐదారు సెకన్లలో ట్రిగ్గర్ పని పూర్తి కావాలి. అంతకు మించితే చూపు చెదురుతుంది, అప్పుడు వదిలేసి మళ్లీ మొదటి నుంచి ఊపిరి తీసుకోవాలి. ఉస్తాద్ ఫోర్‌సైట్ వెనకాల గొట్టం మీద రూపాయి బిళ్ల నిలబెట్టేవాడు. ట్రిగ్గర్ మొదటి లాగుడు వదులుగా వస్తుంది, రెండోది బిగువుగా ఉంటుంది. ఆ రెండోదాన్ని వేలి కొసతో నెమ్మదిగా అదిమితే బిళ్ల పడదు, గుంజితే పడిపోతుంది. నవంబరు చివరికి నా బిళ్ల పడటం మానింది.

ఇక ఎదురుచూపు. నవంబరులో అనుకున్న ఫైరింగ్ శాసనసభ ఎన్నికల వల్ల ఆగిపోయింది. నవంబరు 30న పోలింగు; మేం వెళ్లాల్సిన రేంజ్‌ను చూసుకునే పోలీసు సిబ్బంది అంతా ఎన్నికల పనిలో ఉన్నారు. డిసెంబరులో మా పరీక్షలు వచ్చాయి. సంక్రాంతి తరువాత తేదీ ఖరారై, తెల్లవారుజామున ఐదింటికల్లా యూనిఫాం వేసుకుని కళాశాల గేటు దగ్గర నిలబడ్డాం. చలిలో, ఏమీ తినకుండా, బస్సు వస్తుందని తొమ్మిది దాకా చూశాక, రౌండ్ల విడుదలకు కావాల్సిన అనుమతి కాగితం రాలేదని ఫోను వచ్చింది. నర్సంపేట అవతలి నుంచి ముందురోజే వచ్చి బంధువుల ఇంట్లో పడుకున్న అమ్మాయి అక్కడే ఏడ్చింది. ఎవరో ఒకరు ముందురోజు సాయంత్రం ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ఉదయం మాకు ఆ బాధ ఉండేది కాదు. ఫిబ్రవరిలో మేడారం మహాజాతర. జాతర 21 నుంచి 24 దాకా అయినా, అంతకు చాలా ముందు నుంచే మా జిల్లాల్లో పోలీసులంతా బందోబస్తులో ఉంటారు కాబట్టి రేంజ్ గురించి అడిగే వీలే లేదు. ఈ కారణాలన్నీ సరైనవే. అయితే నా తరువాత వచ్చేవాళ్లకు చెప్పదలచింది ఏమిటంటే, మన వైపు ఫైరింగ్ తేదీ పండుగలు, పరీక్షలు, ఎన్నికలు, జాతరలు అన్నీ తప్పుకున్నాకే వస్తుంది. ప్రకటించిన తేదీని నమ్మి ఊరి నుంచి ఖర్చు పెట్టుకుని రాకండి. బస్సు, రౌండ్లు, రేంజ్ మూడూ ఖాయమయ్యాయో లేదో ముందురోజు సాయంత్రం సీనియర్ అండర్ ఆఫీసర్‌ను (క్యాడెట్లకు పెద్దగా ఉండే సీనియర్ క్యాడెట్‌ను) అడిగి కదలండి.

మార్చి మొదటి వారంలో, లోక్‌సభ ఎన్నికల ప్రకటన రాకముందు, చివరికి వెళ్లాం. నగరం దాటి ఖమ్మం రోడ్డు వైపు ప్రయాణం. ఏడింటికి చేరితే నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం కావచ్చింది. రేంజ్‌లో ఫైరింగ్ ఎంతసేపో, మిగతా పనులు అంతకు ఎన్నో రెట్లు. ముందుగా ఎర్రజెండాలు ఎగరేశారు. నర్సు, ప్రథమచికిత్స పెట్టె, స్ట్రెచర్ ఒక పక్కన పెట్టారు. క్యాడెట్లను గుంపులుగా విడదీసి ఒకరిని రౌండ్లు పంచే చోట, ఒకరిని రిజిస్టరు రాసే చోట, కొందరిని టార్గెట్ల మీద పడిన రంధ్రాలకు కాగితపు ముక్కలు అంటించే పనిలో పెట్టారు. నాకు అంటించే పని వచ్చింది. మైదా ఉడికించిన జిగురు గిన్నె పట్టుకుని ప్రతి డిటైల్ (ఒకేసారి కాల్చే వరుస) తరువాతా టార్గెట్ల దాకా నడిచి, అందరి గ్రూపులూ, అంటే ఒక్కొక్కరి గుండ్లు పడిన రంధ్రాల గుంపులూ, దగ్గర నుంచి చూశాను. ఆ పని విసుగని ఎవరూ తప్పించుకోవద్దు. బాగా కాల్చినవాళ్ల ఐదు రంధ్రాలు ఒక రూపాయి బిళ్ల కింద దాగడం, కొత్తవాళ్లవి కాగితమంతా చెదరడం కళ్లారా చూస్తే, తరగతిలో చెప్పిన ప్రతి మాటకూ అర్థం అక్కడ తెలుస్తుంది.

నా డిటైల్ పిలిచేటప్పటికి నేలమీద పరిచిన పట్టా ఎండకు కాలిపోతోంది. అరచేతిలో ఐదు రౌండ్లు పెట్టారు. ఒక్కొక్కటి అంగుళం పొడవు, కొసన సీసపు గుండు. ఇంత చిన్నదాని కోసమా ఇన్ని నెలలు అనిపించింది, అంతలోనే భయం కూడా వేసింది. మొదటి రౌండు పేలినప్పుడు భుజానికి దెబ్బ తగులుతుందని బిగుసుకుని ఉన్నాను, కానీ పాయింట్ టూటూకు వెనుదెబ్బ లేదన్నంత తక్కువ. చప్పుడు మాత్రం చెవికి గట్టిగా కొడుతుంది; దూది తీసుకెళ్లండి. మా డిటైల్‌లోనే ఒకమ్మాయి రౌండు పేలలేదు. ఆమె గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి చెయ్యి ఎత్తింది. ఉస్తాద్ అర నిమిషం ఆగనిచ్చి, అప్పుడు తనే బోల్ట్ తెరిచాడు. పేలని రౌండు ఆలస్యంగా పేలవచ్చు కనుక వెంటనే తెరవకూడదని తరగతిలో చెప్పింది అక్కడ చూశాం.

ఐదూ అయ్యాక టార్గెట్ దగ్గరికి నడిచాం. నా కాగితం మీద రెండే రంధ్రాలు. ఎడమ పక్క లేన్‌లో కాల్చిన అమ్మాయి కాగితం మీద ఏడు ఉన్నాయి. నా గుండు ఒకటి ఎక్కడికి పోయిందో తెలియదు. బిళ్ల పడకుండా ట్రిగ్గర్ అదిమే దాన్ని కదా, ఊపిరి కూడా సరిగ్గానే పట్టాను కదా అని ఎంత ఆలోచించినా కారణం తోచలేదు. గుండు గుండుకూ ఆరాతీసేంత సమయం ఉస్తాద్‌కు లేదు. వెనక ఇంకా ఎన్నో డిటైళ్లు నిలబడి ఉన్నాయి. "ట్రిగ్గర్ ఖీంచ్ రహీ హో" (ట్రిగ్గర్ గుంజుతున్నావు) అని ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్లాడు. మూడు గుండ్లు గజం దూరం పక్కకు పోవడం ట్రిగ్గర్ వల్ల జరిగే పని కాదని నాకు తెలిసేసరికి జూన్ వచ్చింది.

ఆ రోజు ఇంకొకటి జరిగింది. కాల్చిన తరువాత ఖాళీ తూటా తొడుగులను, అంటే ఖోఖాలను, రౌండ్లతో సరిపోల్చి లెక్క అప్పజెప్పాలి. ఒకటి తగ్గింది. అందరం వరుసగా నిలబడి, వంగి, ఎండిన గడ్డిని చేతులతో దువ్వుతూ గంటకు పైగా వెతికాం. చివరికి అది ఒక పట్టా మడతలో దొరికింది. ఖోఖాలు కుడివైపుకు ఎగిరి పడతాయి కాబట్టి మీ ఐదూ ఎక్కడ పడ్డాయో చూసుకుని, ఖాలీ కర్ అయి ఉస్తాద్ లెమ్మన్నాక మొదట వాటినే ఏరుకోండి. రేంజ్ వదిలే ముందు ప్రతి ఒక్కరూ జేబులు చూపించి, తమ దగ్గర రౌండు గానీ ఖోఖా గానీ లేదని గట్టిగా చెప్పాలి. జ్ఞాపకంగా ఒక్క ఖోఖా దాచుకుందామన్న ఆలోచన అసలు రానివ్వకండి.

ఏప్రిల్, మే నెలల్లో రైఫిల్ ముట్టుకునే అవకాశం లేదు. సెలవుల్లో ఇంటి దగ్గర, రైఫిల్ అంత పొడవున్న వెదురు కర్రకు నీళ్ల సీసా కట్టి, వాకిట్లో గోనెపట్టా మీద పడుకుని పొజిషన్ పట్టేదాన్ని. మొదట్లో అవ్వ చూసి లోపలికి వెళ్లిపోయేది. కొన్నాళ్లకు తనే పాత బొంత ఒకటి మడతపెట్టి మోచేతుల కింద వేసింది.

వార్షిక శిక్షణ క్యాంపు జూన్‌లో, ఎన్నికల ఫలితాలు వచ్చాక జరిగింది. పది రోజులు. భోజనం, వసతి, రౌండ్లు, అన్నీ ఎన్‌సీసీవే. నా చేతి ఖర్చు సామానుకే అయింది. ఇచ్చిన బూట్లు వేళ్లకు బిగుతై వరంగల్ చౌరస్తాలో వేరేవి తొమ్మిది వందలకు కొన్నాను. దోమతెర, తెల్ల దుప్పటి, పళ్లెం, గ్లాసు, బకెట్, తాళం కలిపి దాదాపు ఎనిమిది వందలు. ఫిట్‌నెస్ పత్రానికి, రక్తం గ్రూపు పరీక్షకు, ఫొటోలకు నాలుగు వందల దాకా అయింది. ప్రయాణానికి ఏమీ కాలేదు. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు మహాలక్ష్మి కింద జీరో టికెట్ ఉంది కదా, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఈ పథకం లేని రోజుల్లో నా సీనియర్లు కొందరు బస్సు ఖర్చు భరించలేకే క్యాంపు వదులుకున్నారని విన్నాను.

క్యాంపులో నా గ్రూపు మార్చిలో మాదిరిగానే వచ్చింది: మూడు కాగితం మీద, రెండు ఎడమకు ఎక్కడికో. అక్కడ ఉన్న సుబేదార్ సాబ్ నన్ను లేవనివ్వకుండా, రైఫిల్ ఖాళీ చేయించి, నా ముఖానికి ఎదురుగా పక్కన మోకాళ్ల మీద కూర్చుని గురి పట్టమన్నాడు. కాసేపు చూసి, "బేటా, నీ ఎడమ కన్ను తెరుచుకుంటోంది" అన్నాడు. తరువాత టార్గెట్ అట్ట ముక్కకు వేలు పట్టేంత రంధ్రం చేసి, చేతులు చాచి రెండు కళ్లతో దానిలోంచి దూరాన ఉన్న నీళ్ల ట్యాంకును చూడమన్నాడు. చూశాను. కుడి కన్ను మూయమన్నాడు. ట్యాంకు అలాగే ఉంది. ఎడమ కన్ను మూయగానే ట్యాంకు మాయమైంది. అన్నం తినేది, రాసేది, రాయి విసిరేది కుడి చేత్తో. కానీ చూపును నడిపేది నా ఎడమ కన్ను. పందొమ్మిదేళ్లు వచ్చినా నాకు ఆ సంగతి తెలియదు.

ఆయన ఒక కాగితం మీద గీసి చూపించాడు. కళ్ల మధ్య దూరం ఆరు సెంటీమీటర్ల పైన. కంటి నుంచి ఫోర్‌సైట్ దాకా ఒక మీటరు లోపే. కుడి భుజానికి ఆనించిన రైఫిల్ ఫోర్‌సైట్‌ను ఎడమ కన్ను టార్గెట్ మీద కూర్చోబెడితే గొట్టం ఎడమకు తిరుగుతుంది; మీటరు దూరంలో ఆరు సెంటీమీటర్లున్న ఆ తేడా 25 గజాలకు వెళ్లేసరికి మీటరు దాటిపోతుంది. పక్క లేన్ టార్గెట్ సరిగ్గా అక్కడే ఉంటుంది. ఎడమ కన్ను గట్టిగా మూసి ఉంచగలిగిన రౌండ్లు నా కాగితం మీద పడ్డాయి, రెప్ప అలసి తెరుచుకున్నవి పక్కకు పోయాయి. ఆ కాగితం చూస్తుంటే నాకు ఏడుపు వచ్చింది. నెలల తరబడి నా వేలినే అనుమానించుకున్నాను మరి.

దానికి ఆయన రెండు దారులు చెప్పాడు. ఒకటి, ఎడమ భుజం మీదకు మారడం. అలా మారితే బోల్ట్ కుడివైపున ఉంటుంది కనుక ప్రతి రౌండుకూ పొజిషన్ చెదురుతుంది. రెండోది, ఎడమ కన్ను మూయకుండా దాని ముందు అడ్డం పెట్టడం. నేను రెండోది ఎంచుకున్నాను. పవర్ లేని అద్దాలకు ఎడమవైపు మసక టేపు అంటించాడు. వెలుగు వస్తుంది, బొమ్మ మాత్రం కనిపించదు. రెండు కళ్లూ తెరిచే ఉంటాయి కాబట్టి ముఖం బిగుసుకోదు. అంతర్జాతీయ షూటింగ్ పోటీల్లో కూడా గురి చూడని కంటి ముందు 30 మిల్లీమీటర్ల వెడల్పు మించని అడ్డుపట్టీ పెట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయని ఆయన చెప్పినప్పుడే నాకు ధైర్యం వచ్చింది, ఎందుకంటే అప్పటిదాకా అది ఏదో లోపమని, బయటపడితే తీసేస్తారని భయపడుతున్నాను. అద్దాలకు నూట యాభై, టేపుకు ఇరవై రూపాయలు. మర్నాడు ఐదు రంధ్రాలూ నాలుగు సెంటీమీటర్లలో వచ్చాయి. సైన్యపు ఇన్సాస్ రైఫిల్ కూడా క్యాంపులోనే కొన్ని రౌండ్లు కాల్పించారు. అది బరువు, భుజానికి దెబ్బ తెలుస్తుంది. అంతకు మించి దాని గురించి చెప్పేంత అనుభవం నాకు లేదు.

క్యాంపు చివర మా బెటాలియన్ అమ్మాయిల ఫైరింగ్ జట్టులో నా పేరు వచ్చింది. తరువాతి మూడు వారాల అభ్యాసంలో తెలిసినవి చిన్న చిన్న విషయాలే, కానీ గ్రూపు సెంటీమీటర్ల లెక్కలో మారేది వాటివల్లే. మెడ దగ్గర ముడి వేసుకుంటే బోర్లా పడుకుని తల ఎత్తినప్పుడు ముడి కాలర్‌కు తగిలి టోపీ కళ్ల మీదకు జారుతుంది. రెండు జడలు వేసి పైకి మడిచి పిన్నులు పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. ఈ మాట మాకు ఏ ఉస్తాదూ చెప్పలేదు, ఒక సీనియర్ అక్క చెప్పింది. స్లింగ్ (రైఫిల్ పట్టీ) మోచేతికి పైన నరం మీద బిగిస్తే గుండె కొట్టుకున్నప్పుడల్లా ఫోర్‌సైట్ కొన చిన్నగా ఎగురుతుంది. కొంచెం పక్కకు జరిపితే ఆగుతుంది. పరగడుపున వెళ్తే చెయ్యి వణుకుతుంది, రెండు టీలు తాగి వెళ్లినా వణుకుతుంది. నాకు రెండు ఇడ్లీలు, నీళ్లు సరిపోయాయి. నెలసరి రోజుల్లో నేలకు పొట్ట ఆనించి గంటలు పడుకోవడం నొప్పిగా ఉంటే మేడంకు చెప్పి డిటైల్ వెనక్కి మార్చుకోవచ్చు. అడిగిన ఎవరికీ కాదనలేదు. పాత ఫుల్‌హ్యాండ్ చొక్కా మోచేతుల దగ్గర లోపల స్పాంజి కుట్టుకుంటే తోలు లేవదు. కాల్చాక గొట్టంలోకి పుల్‌త్రూతో (బరువు కట్టిన తాడుతో) చిందీ (గుడ్డ ముక్క) లాగి శుభ్రం చేసే పని ఎవరికో వదిలేయకండి. మొదటి చిందీ నల్లగా, మూడోది దాదాపు తెల్లగా వస్తుంటే రైఫిల్ మీద ఒక రకమైన నమ్మకం కుదురుతుంది.

జూలైలో ఇంటర్ గ్రూప్ పోటీ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ కలిపి ఒకే డైరెక్టరేట్, దాని కార్యాలయం సికింద్రాబాద్‌లో ఉంది. కనుక ఢిల్లీలో జరిగే జాతీయ స్థాయి థల్ సైనిక్ క్యాంపుకు వెళ్లే జట్టు కోసం విశాఖపట్నం, గుంటూరు, తిరుపతి వైపు పిల్లలతో కూడా పోటీ పడాలి. కాజీపేటలో రైలెక్కినప్పటి నుంచి మేం ఎవరమూ పెద్దగా మాట్లాడుకోలేదు. పోటీ జరిగిన చోట వర్షం. తడి ఇసుకబస్తాల మధ్య పడుకుని కాల్చాం. ఒకసారి గ్రూపింగ్ (రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో కొలిచేది), ఒకసారి రౌండుకు ఇన్ని మార్కులని లెక్కించే ఫైరింగ్. కొన్ని పోటీల్లో అద్దాలకు టేపు చూసి నిర్వాహకులు అడగవచ్చని మేడం ముందే ఒక ఉత్తరం రాయించి పెట్టింది; అడిగారు, చూపించాను, ఒప్పుకున్నారు. గ్రూపింగ్‌లో నాకు రెండున్నర సెంటీమీటర్లు వచ్చింది, అది అప్పటికి నా అత్యుత్తమం. ఎంపికైన అమ్మాయిలవి రెండు సెంటీమీటర్ల లోపే ఉన్నాయి. నన్ను రిజర్వులో రాశారు. ఆగస్టు చివరి దాకా పిలుపు వస్తుందేమోనని ఫోను దగ్గర పెట్టుకుని పడుకున్నాను. రాలేదు. సెప్టెంబరులో జట్టు ఢిల్లీ వెళ్లింది. ఆ వారం నేను ఎవరితోనూ ఫైరింగ్ గురించి మాట్లాడలేకపోయాను, ఇప్పుడు రాయగలుగుతున్నాను.

మొత్తం లెక్క చూసుకుంటే చేతి నుంచి మూడు వేల లోపే ఖర్చయింది. నేరుగా కాల్చిన రౌండ్లు చాలా తక్కువ. దాదాపు అంతా గుండు లేని అభ్యాసమే. ఆ కొద్ది రౌండ్లలో కొన్నిటిని నేను కారణం తెలియకుండా పక్క లేన్‌కు పంపాల్సి వచ్చింది. ఒక అట్ట ముక్కకు రంధ్రం చేసి చూడటానికి పట్టేది ఒక్క నిమిషం. ఆ నిమిషం చేరిన రోజునే దొరికి ఉంటే మార్చి నుంచి జూన్ దాకా పోయిన కాలం నాకు అభ్యాసానికి మిగిలేది, ఆ అర సెంటీమీటరు తేడా తగ్గేదేమో కూడా. అందుకే ఈ ఏడాది కొత్తవాళ్ల ఆయుధ శిక్షణ మొదలయ్యే ముందే ఈ పరీక్ష పెడదామని ఏఎన్‌ఓ మేడంను అడిగాను, ఆమె వెంటనే ఒప్పుకున్నారు. దసరా తరువాతి మొదటి పరేడ్‌లో ఒక్కొక్కరినీ నిలబెట్టి కళాశాల నీళ్ల ట్యాంకును అట్ట రంధ్రంలోంచి చూపించాను. కుడిచేతివాళ్లలో కొందరికి నాలాగే ఎడమ కన్ను నడిపిస్తోంది. వాళ్ల పేర్ల పక్కన రిజిస్టరులో గుర్తు పెట్టాం, టేపు అద్దాలు రెండు జతలు మా ఎన్‌సీసీ కంపెనీ పెట్టెలో ఉంచాం. వాళ్ల ఫైరింగ్ తేదీ డిసెంబరులో అంటున్నారు, ఇంకా ఖాయం కాలేదు.